ఏడో నంబరు తాళం

"మేకుకి లేదు, డబ్బాలో లేదు, నీ చొక్కా జేబులో లేదు. మరి తాళంచెవికి రెక్కలొచ్చాయంటావా?"

అత్తగారు బల్ల సొరుగు అమాంతం లాగి నేలమీద బోర్లించింది. గుండీలు, పాత బ్యాటరీలు, రాయని పెన్నులు గది నలుమూలలకీ దొర్లిపోయాయి. ఎర్రబిళ్ళ కట్టిన తాళంచెవి మాత్రం కనబడలేదు.

మధ్యాహ్నం రెండున్నర అయింది. పెద్దోడు ఉదయం షిఫ్టు దిగి ఇంటికొచ్చి గట్టిగా పావుగంట కాలేదు. కంచంలో పెట్టిన చెయ్యి కంచంలోనే ఉంచి, తల్లి చేసే రభస చూస్తూ కూర్చున్నాడు.

బల్లమీద కోడలి ఫోను గొంతు చించుకుంటోంది. అవతల ఆమె మరిది చిన్నోడు, రెండో షిఫ్టు సూపర్‌వైజరు.

"వదినా, దొరికిందా లేదా? షిఫ్టు మొదలై అరగంటయింది, ఏనుగు ఇంకా కదల్లేదు. మేనేజరు నా పక్కనే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. గేటు దగ్గర రెండు లారీలు కాచుక్కూచున్నాయి."

ఏనుగంటే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అన్నిటికంటే పెద్ద మిషను. ఒక చివర కాగితం లాక్కుని, జిగురు పూసి, రోలర్ల మధ్య నొక్కి, రెండో చివర అట్టగా వదులుతుంది. దాని కడుపులోకి దూరి పనిచేసే మనిషి ముందు మెయిన్ స్విచ్చు ఆపాలి, దానికి తన ఎర్రతాళం వెయ్యాలి, చెవి తన ఒంటిమీదే ఉంచుకోవాలి. ఈ పద్ధతి పెట్టించింది అక్కడ భద్రత సంగతులు చూసే కోడలే. రెండు వారాల క్రితం క్యాంటీనులో స్టూలెక్కి, "మనిషికో తాళం, తాళానికో చెవి. మారు చెవి మేనేజరు దగ్గర కూడా ఉండదు. వేసినవాడే తియ్యాలి" అని గొంతు బొంగురుపోయేదాకా చెప్పింది. అప్పటినుంచీ ఫ్యాక్టరీలో ఆమెకి ఎర్రతాళం అన్న పేరు స్థిరపడిపోయింది. ఇవాళ ఆ ఎర్రతాళానికి వారపు సెలవు.

"స్విచ్చుకి వేలాడుతున్నది ఏడో నంబరు వదినా. పుస్తకంలో ఏడుకెదురుగా అన్నయ్య సంతకముంది. తాళం వేసేసి చెవి జేబులో పడేసుకుని ఇంటికొచ్చేస్తే మేమేం కావాలి?"

"ఈ తాళాలొచ్చినప్పట్నుంచే ఇంటికి దరిద్రం పట్టింది" అంది అత్తగారు, మంచం కిందినుంచి. "నా కాపురంలో వస్తువుకి పేరుండేది కాదు. వీడి చొక్కా వాడు తొడిగేవాడు, వాడి చెప్పులు వీడేసుకునేవాడు. నీది నాది అన్న మాట ఈ గడప లోపల వినబడితే ఒట్టు. ఇప్పుడు చూడు, తాళాలకి నంబర్లట!"

కోడలు ఆ మాటలు వినడం లేదు. ఆమె మొగుణ్ణి చూస్తోంది. ఇల్లంతా తలకిందులవుతుంటే ఈ మనిషి ఒక్క జేబు కూడా తడుముకోడేం?

"ఏమండీ, మీరు వెతకరేం?"

"వెతికి ఏం లాభం? కత్తిరించెయ్యమను" అన్నాడు పెద్దోడు. "తాళం నాదేగా. నేను ఇదిగో మీ ఎదురుగా తింటున్నానుగా, ఏనుగు కడుపులో లేనుగా."

నవ్వబోయాడు కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"విన్నావా వదినా! అన్నయ్యే చెప్పాడు. నేను కట్టరు తెప్పిస్తున్నా."

"ఆగు చిన్నా!" అని ఫోనుకి చెప్పి, ఆమె వచ్చి మొగుడికి ఎదురుగా నేలమీద చతికిలబడింది. "చెవి ఎక్కడుందో మీకు తెలుసు."

పెద్దోడు నీళ్ళు నమిలాడు. అత్తగారు మంచం కిందినుంచి తల బయటపెట్టింది.

"గ్రీజు బాబాయికిచ్చాను" అన్నాడు చివరికి.

"ఏమిచ్చారు?"

"తాళం. చెవితో సహా. పొద్దున వచ్చేటప్పుడు తనది ఇంట్లో మర్చిపోయాడు పాపం. రోలర్ల కింద జిగురు గడ్డకట్టింది, గీకాలి, నీదోసారి ఇవ్వరా అన్నాడు. ఇచ్చాను. ఊళ్ళో అందరికీ నువ్వు స్టూలెక్కి చెప్పి, ఇంట్లో మొగుడే ఇలా చేశాడంటే నీకు తలవంపులని..."

"అడిగితే ఇవ్వడా మరి?" అని అత్తగారు పైకి లేచింది. "తోటి పనివాడు అడిగితే లేదనేలా పెంచానా నేను?"

కోడలికి ఆ క్షణంలో అత్తగారిమీద కోపం కూడా రాలేదు. ఫోను తీసి నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"చిన్నా, బాబాయెక్కడ?"

"వెళ్ళిపోయాడు వదినా. రెండింటికి టీ తాగడానికి గేటు దాటాడట. వాచ్‌మను చూశాడు. షిఫ్టు అయిపోయింది, అటునుంచటే ఇంటికెళ్ళుంటాడు."

"మళ్ళీ లోపలికి రాలేదా?"

"వస్తే చూసేవాడుగా!"

"వెనక లోడింగు తలుపు దగ్గర ఎవరున్నారు?"

"అక్కడ... అక్కడెవరూ లేరు వదినా."

"ఫోన్ చేశారా బాబాయికి?"

"చేశాం. మోగుతోంది, ఎత్తట్లేదు."

"ఏనుగు లోపల చూశారా?"

"ఈ వైపునుంచి చూశాం, పిలిచాం కూడా. ఎవరూ పలకలేదు. గోడవైపు ఆ సందులోకి దూరి చూడాలంటే ఇంకో పది నిమిషాలు పడుతుంది. ఒక్క నిమిషం వదినా, సార్ పిలుస్తున్నారు..."

"కత్తిరించకు! నే వచ్చేదాకా కత్తిరించకు!"

ఫోను అప్పటికే కట్ అయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఇంకోసారి చేస్తే బిజీ వచ్చింది.

అత్తగారు నిలబడ్డచోటే నిలబడిపోయింది. ఇరవై రెండేళ్ళు ఆ ఫ్యాక్టరీలోనే జిగురు కలిపిన మనిషి ఆవిడ. ఏదో గుర్తొచ్చినదానిలా నెమ్మదిగా కొడుకువైపు తిరిగింది.

"ఒరే పెద్దోడా, వాడు పని సగంలో వదిలిపెట్టి ఇంటికెళ్ళే మనిషి కాదురా."

ఆ మాటతో పెద్దోడూ కోడలూ దిగ్గున లేచారు.

"ఇంకా నిలబడ్డారేం?" అని అత్తగారు స్కూటరు తాళంచెవి తీసి కోడలి చేతిలోకి విసిరింది. "పదండి! నేను ఆ చిన్నవెధవకి ఫోన్ చేస్తూనే ఉంటాను. ఎత్తేదాకా చేస్తాను!"

కోడలు ఒక కాలికే చెప్పు వేసుకుని బయటపడి, రెండోదాన్ని చేత్తో పట్టుకుని స్కూటరెక్కింది. పెద్దోడు కడుక్కోని చెయ్యి గాల్లో ఎత్తిపట్టుకుని వెనక కూర్చున్నాడు. స్కూటరు సందు మలుపు తిరిగిన తీరు చూసి, కూరగాయల బండివాడు బండి వదిలేసి గోడకి అతుక్కుపోయాడు.

"నెమ్మదే!" అన్నాడు పెద్దోడు.

"నోరు ముయ్యండి!"

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆమె మొగుణ్ణి ఆ మాట అనడం అదే మొదలు. పెద్దోడు మారుమాట్లాడకుండా మూసుకున్నాడు. కాసేపటికి వెనకనుంచి, "బాబాయికేమీ కాదు కదూ?" అన్నాడు. ఆమె యాక్సిలరేటరు ఇంకొంచెం తిప్పింది. మామూలుగా పది నిమిషాలు పట్టే దారి అది. ఎంతలో చేరారో వాళ్ళకే తెలియదు.

"ఇవాళ మీకు సెలవు కదమ్మా!" అని వాచ్‌మను గేటు దగ్గర అడ్డొచ్చాడు. ఆమె స్కూటరు అతని చేతికి వదిలేసి పరుగు తీసింది. స్టాండు వెయ్యలేదు, చూసుకోలేదు. అతను స్కూటరుని కావలించుకుని బొమ్మలా నిలబడిపోయాడు.

హాల్లో అడుగుపెట్టగానే మిషన్ల హోరు చెవులు దిమ్మెక్కించింది. ఆ చివర మెయిన్ స్విచ్చు దగ్గర చిన్నోడు రెండు చేతులతో కట్టరు పట్టుకుని ఉన్నాడు. దాని నోరు తాళం కొక్కెం మీద ఉంది. పక్కన మేనేజరు. చిన్నోడి చొక్కా జేబులో ఫోను వెలుగుతూ ఆరుతూ ఉంది. పాపం అత్తగారు!

"చిన్నా! ఒరేయ్ చిన్నా!"

ఆ హోరులో ఆమె కేక ఆమెకే వినబడలేదు. అంత దూరం పరిగెత్తేలోగా తాళం తెగిపోతుంది. ఇక ఆలోచించలేదు. పక్కనున్న ప్యాకింగు బల్లమీదికి ఎగబాకి, రెండు చేతులూ తలమీద గుణకారం గుర్తులా పెట్టి నిలబడింది.

ఆ సైగకి "ఆపండి" అని అర్థం. స్టూలెక్కిన రోజు అది కూడా నేర్పింది. అందరూ నవ్వుతూ నేర్చుకున్నారు, ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకున్నారు. నిజంగా వాడిన రోజు ఇంతవరకూ రాలేదు.

ముందు చూసింది ప్యాకింగు అక్క. ఎందుకని అడగలేదు. ఎర్రబటను నొక్కి, తనూ చేతులు తలమీద పెట్టింది. ఆమెను చూసి అంచులు కోసే మిషనువాడు ఆపాడు. వాణ్ణి చూసి ప్రింటింగువాళ్ళు ఆపారు. జిగురుతొట్టి ఆగింది. బెల్టులు ఆగాయి. హాలు ఈ చివరనుంచి ఆ చివరదాకా వరసగా చేతులు లేచాయి, మిషన్లు ఆగాయి. ఆఖరికి పైనున్న ఫ్యాన్ల చప్పుడు కూడా వినబడింది. పట్టపగలు ఆ హాల్లో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు.

చిన్నోడు ఉలిక్కిపడి తలెత్తాడు. కట్టరు నోరు ఇంకా మూసుకోలేదు.

"ఎవరాపమన్నారు?" మేనేజరు గొంతు హాలంతా మోగింది. "బల్ల దిగు! సెలవురోజున నీకిక్కడేం పని?"

"ఒక్క నిమిషం సార్. ఒక్క నిమిషమే!"

ఆమె బల్లమీదినుంచి దూకి పరుగెత్తింది. పెద్దోడు ఏనుగు వెనక గోడవైపు సందులోకి దూరాడు. ఎవరో నేలమీద వదిలేసిన స్పానరు ఆమె చేతికి దొరికింది. దానితో ఏనుగు ఇనపడొక్కమీద ధన్ ధన్ మని కొట్టింది.

లోపలినుంచి ఏమీ వినబడలేదు.

"అయిందా?" అన్నాడు మేనేజరు.

"వదినా, ఎవరూ లేరని చెప్తున్నాగా" అన్నాడు చిన్నోడు. ఆ గొంతులో ధైర్యం లేదు.

ఆమె ఇంకోసారి కొట్టింది, చెయ్యి అదిరేలా కొట్టింది.

"ఎవర్రా అది?" అంది ఏనుగు కడుపు. "వస్తున్నా ఉండండ్రా. తలుపు పగలగొట్టేలా ఉన్నారు!"

ముందు ఒక మసిబారిన చెయ్యి బయటికొచ్చింది, తర్వాత గీకుడుచెక్క, తర్వాత బట్టతల. పెద్దోడు చంకల కింద పట్టుకుని లాగితే గ్రీజు బాబాయి గోడవైపునుంచి పాక్కుంటూ వచ్చి నిలబడ్డాడు. చెవుల్లోంచి దూదిలాంటి బిరడాలు పీక్కున్నాడు. మెడలో దారానికి ఎర్రబిళ్ళ చెవి వేలాడుతోంది.

"జానెడు మిగిలిపోయింది. వదిలేస్తే రేపటికి రాయి అయి కూచుంటుంది" అని సంజాయిషీ చెప్పుకున్నాడు. "టీ తాగి లోడింగు తలుపులోంచి వచ్చేశాను. ఏం, లేటయిందా? అందరూ అలా చూస్తారేం?"

అప్పుడతని కళ్ళు చిన్నోడి చేతిలో కట్టరుమీద పడ్డాయి. కట్టరునుంచి తాళానికి, తాళంనుంచి స్టార్టు బటనుకి చూపు వెళ్ళింది. బాబాయి ఉన్నచోటే కూలబడ్డాడు.

ప్యాకింగు అక్క కెవ్వుమని కేకేసింది, ఏడుపో సంతోషమో చెప్పలేం. దాంతో హాలు హాలంతా గోలెత్తిపోయింది. ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు, బల్లలు బాదారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చి బాబాయికి తాగించబోయి సగం ఒలకబోశారు. కోడలు ఏనుగుకి వీపు ఆనించి నిలబడి నవ్వింది. మనిషి బతికే ఉన్నాడు! అంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు. మసి అంటుకుంటుందని కూడా చూడకుండా వెళ్ళి బాబాయి తల రెండు చేతులతో పట్టుకుంది.

"బావుంది" అన్నాడు మేనేజరు. గోల మెల్లగా సర్దుమణిగింది. "ఎవరికీ ఏమీ కాలేదు, సంతోషం. ఇప్పుడు చెప్పండి. ఏడో నంబరు చెవి ఇతని మెళ్ళోకి ఎలా వచ్చింది?"

జనం ఒకళ్ళ వెనక ఒకళ్ళు సర్దుకున్నారు.

"తాళం చేతులు మారితే ఉద్యోగం పోతుందని గోడమీద కాగితం అంటించాను. చదువుకున్నారా లేదా? ఎవరిచ్చారు ఇతనికి?"

ఆ కాగితం కోడలికి మొదటినుంచీ నచ్చలేదు. శిక్ష రాస్తే తప్పులు తగ్గవు సార్, తప్పు చెప్పేవాళ్ళు తగ్గుతారు అని ఆమె ఆఫీసు గదిలో వాదించింది. పనివాళ్ళకి మాత్రం, "నిజం చెప్పండి చాలు, చెప్పినవాళ్ళకి నేను అడ్డు నిలబడతాను" అని మాటిచ్చింది. మాటైతే ఇచ్చింది కానీ, మొదటివాడు తన మొగుడే అవుతాడని అనుకుందా?

చిన్నోడు ఆమె దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "వదినా, బాబాయే అడక్కుండా తీసుకున్నాడని చెప్పేద్దాం. ముసలాయన, వచ్చే ఏడాది ఎలాగూ రిటైరవుతాడు. అన్నయ్యకి ఇంకా పాతికేళ్ళ సర్వీసుంది."

బాబాయికి అది వినబడింది. తలెత్తి కోడలివైపు చూసి, కానిమ్మన్నట్టు కళ్ళతోనే చెప్పాడు.

ఒక్క మాట అంటే ఇల్లు నిలబడుతుంది. అదే మాటతో ఈ హాల్లో ఇంకెప్పుడూ ఎవరూ నిజం చెప్పరు. మొగుడివైపు తిరిగింది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ మాట అతనిదే కావాలి.

పెద్దోడు కడుక్కోని చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని ముందుకొచ్చాడు.

"నేనే ఇచ్చాను సార్. బాబాయి అడిగాడు, ఇచ్చాను. ఇచ్చానని ఎవరికీ చెప్పలేదు. ఇందాక ఇంట్లో కూడా దాచాను. కత్తిరించెయ్యమని నా నోటితోనే అన్నాను సార్."

ఆఖరి మాట బాబాయి మొహంలోకి చూసి అన్నాడు.

మేనేజరు చెయ్యి చాచాడు. "కార్డు ఇవ్వు."

పెద్దోడు మెళ్ళోంచి ఫ్యాక్టరీ కార్డు తీసి ఆ చేతిలో పెట్టాడు. కోడలు అడుగు ముందుకేసింది. ఆమె నోరు తెరిచేలోపే వెనకనుంచి ఒక గొంతు లేచింది.

"అలాగైతే నాది కూడా తీసుకోండి సార్."

ప్యాకింగు అక్క! "మా బల్లకి రెండు తాళాలిచ్చారు కదా. ఒకటి పోయింది. వారం నుంచి ఇద్దరం ఒక్కదాంతోనే నెట్టుకొస్తున్నాం. చెప్తే తిడతారని చెప్పలేదు."

"నాది మా ఇంట్లో బీరువాకేశాను సార్" అన్నాడు అంచులు కోసేవాడు తల గోక్కుంటూ. "మంచి గట్టి తాళం కదా అని మా ఆవిడ వదల్లేదు."

నలుగురు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో గేటు తెరుచుకున్నట్టయింది. ప్రింటింగు దగ్గర చేతులు పడకుండా అడ్డం పెట్టిన రేకు ఊడిపోయి నెలయిందని ఒకడు, మొన్న రోలరు చొక్కా అంచు లాగేస్తే చింపుకుని బయటపడ్డానని ఇంకొకడు, ఒకరిమీద ఒకరు పడి చెప్పడం మొదలుపెట్టారు. చెప్పేవాడి మొహంలో భయం లేదు, దించుకోలేక మోస్తున్న మూట దించినట్టు ఉంది. కోడలు అంచులు కోసేవాడి జేబులోంచి పెన్ను లాక్కుని, దొరికిన అట్టముక్కమీద గబగబా రాసుకుంటోంది. ఒక్కొక్కటీ రేపో మాపో ఎవరి ప్రాణమో తీసేది. ఒక్కొక్కటీ ఇవాళ బయటికొచ్చేస్తోంది. సంతోషంతో ఆమెకి అక్షరాలు కూడా సరిగ్గా పడడం లేదు.

"నిశ్శబ్దం!" అన్నాడు మేనేజరు. "అందరి కార్డులూ తీసుకుని నేను ఒక్కణ్ణే నడుపుకోమంటారా ఫ్యాక్టరీని?"

ఎవరూ తమ మిషను బటను దగ్గరికి వెళ్ళలేదు.

అప్పుడు కట్టరు నేలమీద పడిన చప్పుడైంది. చిన్నోడు రెండు చేతులతో మొహం కప్పుకుని ఉన్నాడు. సూపర్‌వైజరు అలా నిలబడడం ఎవరూ చూడలేదు.

"వదినా, అది కూడా రాసుకో" అన్నాడు. "ఇది మొదటి తాళం కాదు. పోయిన వారంలో రెండు కత్తిరించాను. ఒక్కసారి కూడా లోపలికి తొంగిచూడలేదు."

పెన్ను ఆగిపోయింది. బాబాయి గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నీ అంతట నువ్వే కత్తిరించావా చిన్నా?" ఆమె చాలా మెల్లగా అడిగింది. "ఎవరైనా చెప్పారా?"

చిన్నోడు చేతులు దించాడు. హాల్లో అందరూ అతని నోటివైపే చూస్తున్నారు.

"సార్ చెప్పారు" అన్నాడు.

పెద్దోడి కార్డు ఇంకా మేనేజరు చేతిలోనే ఉంది.